దారుల మీద నిలిచిన ఇల్లు: టిబెట్ నిత్యజీవితంలో చేతిపనులు, ఆచారాలు



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజులనూ యుద్ధాలనూ పక్కన పెట్టి ఒక దేశపు ప్రజల ఇంటి సామాను గురించి రాద్దామనిపించింది. ఆ దేశం టిబెట్. మనకూ టిబెట్‌కూ ఏం సంబంధం అని కొందరు అనుకోవచ్చు. గుడిలో స్వామికి వీచే వింజామర అసలైనదైతే అది చమరీ మృగం తోక వెంట్రుక. కంసాలి బంగారాన్ని అతికేటప్పుడు వాడే వెలిగారం, పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీ, అమెరికా సరుకు బజారుకెక్కేదాకా, ఎక్కువగా టిబెట్ సరస్సుల గట్ల నుంచే దిగివచ్చేది. పసిపిల్లలకు అరగదీసి పట్టే కస్తూరి మాత్రల్లోని కస్తూరికి కూడా హిమాలయాల అవతలి సరుకంటేనే పేరు. మన తాతముత్తాతల ఇళ్ళలో టిబెట్ సరుకు ఉండేది. అది ఎక్కడిదో వారు అడిగి ఉండరు, అంతే.

టిబెట్ అనగానే మనకు గుర్తుకొచ్చే మాటలు కొన్నే: మంచు, లామాలు, రహస్యం, తలుపులు మూసుకున్న దేశం. పాశ్చాత్య యాత్రికులు రాసిన పుస్తకాల వల్ల ఆ ముద్ర పడింది. లాసా నగరంలోకి తెల్లవారిని చాలాకాలం రానివ్వలేదన్నది నిజమే. కాని ఒక మామూలు టిబెట్ ఇంట్లో పొయ్యి పక్కన కూర్చుని చుట్టూ చూస్తే ఆ ఇల్లు నాలుగు దిక్కుల దారుల మీద నిలబడి ఉందని తెలుస్తుంది. తేయాకు తూర్పు నుంచి వచ్చేది. ఉప్పు ఉత్తరం నుంచి వచ్చేది. నీలిమందు, నూలుబట్ట, జరీ దక్షిణాన మన దేశం నుంచి వెళ్ళేవి. ఇరవయ్యో శతాబ్దం నడుమ ఆ దారులు కొన్ని మూతపడి, కొన్ని కొత్తగా తెరుచుకున్నప్పుడు ఆ ఇంటి చేతిపనులకు ఏమైందన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

ముందుగా గిన్నె సంగతి. టిబెట్ మనిషికి తనదంటూ ఒక చెక్కగిన్నె ఉంటుంది. చెట్టు కాండం మీద బుడిపెలా పెరిగిన ముడిని కోసి, తొలిచి, నునుపు చేస్తారు. ఆ బుడిపెలో కొయ్య రేఖలు మెలికలు తిరిగి ఉంటాయి గనుక గిన్నె తొందరగా పగలదు, వేడి టీ పోసినా చెయ్యి కాలదు. అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ ప్రాంతపు మోన్పాలు ఈ పనిలో దిట్టలు. కలిగినవారు లోపల వెండి తొడుగు వేయించుకుంటారు. 'చుబా' అనే పొడుగాటి అంగీని నడుము దగ్గర పట్టీతో బిగించి కాస్త పైకి లాగితే రొమ్ము దగ్గర ఒక సంచీలా ఏర్పడుతుంది. గిన్నె ఆ సంచీలో ఉంటుంది. ఎవరింటికి వెళ్ళినా తన గిన్నె తీసి ముందు పెడతాడు. తాగాక తుడిచి లోపల పెట్టుకుంటాడు.

ఎంత చక్కని పద్ధతి అని మెచ్చుకునేముందు దీని రెండో ముఖం కూడా చూడాలి. పాత టిబెట్‌లో కమ్మరితోనూ, కసాయితోనూ, శవాలను సాగనంపేవాడితోనూ ఇతరులు గిన్నె పంచుకునేవారు కాదు, వియ్యమందేవారు కాదు. బౌద్ధం ఉన్నచోట ఎక్కువ తక్కువలు ఉండవనుకునే వారికి ఇది వింతగా తోస్తుంది. పదిహేనో శతాబ్దంలో థాంగ్‌తోంగ్ గ్యాల్పో అనే సిద్ధుడు నదుల మీద ఇనుప గొలుసుల వంతెనలు కట్టించాడు. వాటికి డబ్బు పోగుచేయడానికే ఆటపాటల బృందాన్ని కూర్చాడని, టిబెట్ వీధినాటకమైన 'ల్హామో' అలా పుట్టిందని జనం చెప్పుకుంటారు. ఆయన విగ్రహం చేతిలో నేటికీ ఇనుప గొలుసు ఉంటుంది. ఆ గొలుసుకు ఇనుము కాచిన కమ్మరికి మాత్రం పంక్తిలో చోటు లేకపోయింది.

ఇక ఆ గిన్నెలోకి వచ్చే టీ. లాసా సముద్రమట్టానికి సుమారు 3,650 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తున, అంత చలిలో టీ మొక్క బతకదు, కూరగాయలు అరుదు. అయినా తేయాకు లేని పూట లేదు. ఆ తేయాకు చైనాలోని సిచువాన్ రాష్ట్రం యాన్ ప్రాంతంలో పండేది. ముదురు ఆకులను, రెమ్మలతో సహా, ఆవిరి పట్టి, అచ్చుల్లో కుక్కి ఇటుకల్లా చేసేవారు. చైనాకు గుర్రాలు కావాలి, టిబెట్‌కు టీ కావాలి. సోంగ్ వంశపు పాలకులు 1074లో ఈ మారకం కోసమే సిచువాన్‌లో ఒక ప్రభుత్వ శాఖను ఏర్పాటు చేశారు. తేయాకుకూ గుర్రాలకూ కలిపి ఒక శాఖ, దానికి అధికార్లు, లెక్కలు, తనిఖీలు! మనవంటి ఉద్యోగులు వెయ్యేళ్ళ కిందటే ఉన్నారన్నమాట.

యాన్ నుంచి దర్చెదో పట్టణందాకా గుర్రం కూడా నడవలేని కొండదారి. టీ ఇటుకల కట్టలను మనుషులే వీపున మోసేవారు. 1908లో ఎర్నెస్ట్ విల్సన్ అనే ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ఇద్దరు కూలీల ఫోటో తీసి వారి బరువులు కూడా రాసిపెట్టాడు: ఒకరిది 317 పౌన్లు, ఇంకొకరిది 298 పౌన్లు. అంటే 144, 135 కిలోలు. బరువు దించితే మళ్ళీ ఎత్తుకోలేరు. అందుకని పైన అడ్డకర్ర ఉన్న ఊతకర్ర ఒకటి ఉంటుంది. నిలబడే దాన్ని వెనక్కి పెట్టి, బరువును దాని మీద ఆనించి ఊపిరి పీల్చుకుంటారు. దర్చెదోలో ఆ ఇటుకలను పచ్చితోలులో కుట్టి చమరీ మృగాల మీద ఎక్కిస్తే, నెలల తరువాత లాసా చేరేవి. టీ ఇటుక డబ్బుగా కూడా చెల్లేది.

ఇంట్లో ఆ ఇటుక నుంచి కొంత విరిచి, సోడాఉప్పు వేసి చాలాసేపు మరిగిస్తారు. చిక్కటి ఆ కషాయాన్ని నీళ్ళతో పలచన చేసి 'దోంగ్మో' అనే పొడుగాటి కొయ్య గొట్టంలో పోస్తారు. దానికి ఇత్తడి పట్టీలు బిగించి ఉంటాయి. వెన్న, ఉప్పు వేసి కవ్వంలాంటి కర్రతో పైకీ కిందికీ పొడుస్తారు. మన చల్ల చిలకడానికి వ్యతిరేకమైన పని ఇది. మనం మజ్జిగ నుంచి వెన్నను వేరుచేస్తాం, వారు వెన్నను టీలో కలిపేస్తారు. చలికి పెదవులు పగలకుండా, ఒంట్లో వేడి నిలిచేలా చేసేది ఆ కొవ్వే. అతిథి ఒక గుటక తాగగానే ఇంటావిడ మళ్ళీ నింపుతుంది. వెళ్ళేటప్పుడు తప్ప గిన్నె ఖాళీ చేయకూడదు. ఒకేసారి గటగటా తాగేసిన పరదేశికి మర్యాద తెలియదని అర్థం, పైగా మళ్ళీ మళ్ళీ నింపుతూనే ఉంటారు.

ఇక్కడ ఒక చిన్నమాట. 'యాక్ వెన్న' అంటే టిబెట్‌వారు నవ్వుతారు. వారి భాషలో యాక్ అంటే మగది, పాలిచ్చేది 'డ్రి'. ఎద్దు పాలు అన్నట్టుంటుంది వారికి. మనం తెలుగులో జడలబర్రె అని ఆడపేరే పెట్టుకున్నాం గనుక మనకా చిక్కు లేదు.

ఉప్పు కథ వేరు. ఉత్తరాన చాంగ్‌థాంగ్ పీఠభూమిలో ఉప్పు సరస్సులున్నాయి. సంచార పశుపాలకులు ఏటా గుంపులుగా అక్కడికి వెళ్ళి, ఉప్పు గోకి, సంచులకెత్తి, దక్షిణాన వ్యవసాయ గ్రామాలకు తెచ్చి బార్లీ గింజలకు మార్చుకునేవారు. ఆ ప్రయాణంలో ఆడవారికి చోటు లేదు. సరస్సు దగ్గర మగవారు 'ఉప్పు భాష' అనే ప్రత్యేకమైన పరిభాషలో మాట్లాడుకోవాలి, లేకుంటే సరస్సు దేవతకు కోపం వస్తుందని నమ్మకం. 1997లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ చిత్రం ఈ ఉప్పు యాత్రను చూపించింది. అప్పటికే లారీలు వచ్చి సరస్సు దగ్గర ఉప్పు నింపుకుంటున్నాయి.

ఉప్పుకు మారకంగా తెచ్చుకున్న బార్లీయే వారి అన్నం. గింజలను వేడి ఇసుకలో వేయించి, జల్లించి, నీటితో తిరిగే మరలో విసిరితే 'త్సంపా' అవుతుంది. తొలి ఏకాదశికి మనం చేసుకునే పేలపిండికి దగ్గర చుట్టం. గిన్నె అడుగున కాస్త టీ ఉంచి, పిండి వేసి, వేళ్ళతో కలిపి ముద్ద చేసుకుని తింటారు. మళ్ళీ పొయ్యి వెలిగించనక్కరలేదు. చెట్లు లేని దేశంలో, పిడకలే వంటచెరకైన చోట, ఇది ఎంత తెలివైన ఏర్పాటో గమనించండి. ప్రాంతానికొక యాస ఉన్నా, తమను తాము 'త్సంపా తినేవాళ్ళం' అని చెప్పుకోవడం టిబెట్‌వారికి అలవాటు.

చేతిపనుల్లో పెద్దపీట ఉన్నిది. కొండల మీద నడుస్తూనే మగవారూ ఆడవారూ కదురు తిప్పుతుంటారు. సంచారుల నల్లగుడారం చమరీ మృగపు వెంట్రుకతో నేసినది. అడుగు వెడల్పు పట్టీలుగా నేసి, పక్కపక్కన కుడతారు. ఎండలో నేత సందుల్లోంచి వెలుతురు, పొగ బయటికి పోతాయి. వాన పడితే వెంట్రుక ఉబ్బి సందులు మూసుకుంటాయి. మన కురుమల గొంగడి కప్పుకుని వానలో నడిచినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఏటా ఒకటి రెండు కొత్త పట్టీలు నేసి చేరుస్తారు, చివికిన పాతవి తీసేస్తారు. అలా కొన్నేళ్ళకు గుడారం మొత్తం కొత్తదవుతుంది. పాతది ఏనాడు పోయిందో ఎవరూ చెప్పలేరు.

ఊళ్ళలో నేసేది 'నంబు' అనే జానెడు వెడల్పు ఉన్నిబట్ట. మగ్గం చిన్నది గనుక బట్ట అంతే. కావలసినంత వెడల్పుకు కుట్టుకోవలసిందే. ఈ నంబు కట్టుకోవడానికే కాదు, పన్నుకు కూడా పనికివచ్చేది. పాత టిబెట్‌లో రైతు తన భూస్వామికి, మఠానికి, ప్రభుత్వానికి చెల్లించేది ధాన్యం, వెన్న, బట్ట రూపంలో. దానికి తోడు 'ఉలాగ్' అనే భారం. ప్రభుత్వ చీటీతో వచ్చిన ప్రయాణికుడికి గుర్రాలు, బరువు మోసే పశువులు, మనుషులు ఊరివారే ఇవ్వాలి. తెలంగాణలో వెట్టి చూసిన తరం వారికి ఇది కొత్త సంగతి కాదు. అందమైన నంబు బట్టను ప్రదర్శనశాలలో చూసి మురిసిపోయేవారు, అది ఎవరి మగ్గం మీద ఏ బాకీ కింద నేసినదో కూడా తలచుకోవాలని నా అభిప్రాయం.

మధ్య టిబెట్‌లో పెళ్ళయిన స్త్రీకి గుర్తు 'పాంగ్‌దెన్', నడుముకు ముందు కట్టుకునే చారల బట్ట. మూడు నంబు పట్టీలు నిలువుగా కలిపి కుడతారు. చారలు ఒకదానికొకటి కలవకుండా కావాలని ఎత్తుపల్లాలుగా కుట్టడంలోనే దాని అందమంతా ఉంది. లాసాకు దక్షిణాన గోంగ్‌కర్ ప్రాంతపు జెదెషోల్ ఈ నేతకు పేరుపొందింది. తివాచీలకు పేరు గ్యాంత్సెది. వారి తివాచీ గది నిండా పరచేది కాదు. సుమారు మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, పగలు కూర్చోవడానికీ రాత్రి పడుకోవడానికీ. పేరు 'ఖాదెన్'. మన ఏలూరు తివాచీల పని చూసినవారికి ఒక్కొక్క ముడి విడిగా వేయడం తెలుసు. టిబెట్ పద్ధతి అలా కాదు. పడుగుకు అడ్డంగా ఒక కడ్డీ పెట్టి, ఉన్నిదారాన్ని పడుగు పోగుల చుట్టూ, కడ్డీ మీదుగా ఉచ్చులుగా తిప్పుకుంటూ పోతారు. వరస పూర్తయ్యాక కొయ్య సుత్తితో కొట్టి బిగించి, కడ్డీ పొడవునా కత్తితో గీస్తే ఉచ్చులన్నీ ఒక్కసారి తెగి నూగు లేస్తుంది. పని చకచకా సాగుతుంది. రంగుల్లో ఎరుపు మంజిష్ఠ జాతి వేరు నుంచి, పసుపు రేవల్చిని నుంచి, గోధుమరంగు అక్రోటు కాయ తొక్క నుంచి వచ్చేవి. నీలం మన నీలిమందే. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి కాలింపోంగ్ దారిన రసాయన రంగులు చేరాయి. గులాబి, నారింజ రంగులు కళ్ళు చెదిరేలా కనిపించిన పాత తివాచీ ఉంటే అది ఆ తరువాతిదని పోల్చుకోవచ్చు.

ఆ కాలింపోంగ్ దారే, జెలెప్ లా కనుమ మీదుగా, టిబెట్ ఉన్నికి ప్రపంచపు గుమ్మం. కంచరగాడిదల బారులు ఉన్ని మూటలతో దిగివచ్చి నూలుబట్ట, రంగులు, కిరసనాయిలు, ఇనుప సామాను ఎక్కించుకుని వెళ్ళేవి. చమరీ మృగం తోకలు కూడా దిగేవి. నల్లవీ తెల్లవీ మన దేవాలయాలకు చామరాలుగా పోగా, తెల్లవి కొన్ని అమెరికాకు ఎగుమతై అక్కడి క్రిస్మస్ తాత వేషానికి గడ్డాలయ్యేవి. బ్రిటిష్ వారికి తమ డార్జిలింగ్, అస్సాం టీని టిబెట్‌లో అమ్మాలని గట్టి కోరిక. 1893 వాణిజ్య నిబంధనల్లో అయిదేళ్ళపాటు దానికి వీల్లేకుండా చైనా అడ్డుకుంది. 1904లో బ్రిటిష్ సైన్యం లాసాదాకా వెళ్ళి వచ్చినా, టిబెట్ గృహిణి మాత్రం తన సిచువాన్ ఇటుకను వదలలేదు. తుపాకీకి లొంగని రుచి మరో దారిన లొంగింది. ఇరవయ్యో శతాబ్దంలో మన పాలు, చక్కెర వేసిన తియ్యటి టీ లాసా చేరింది. అక్కడి తియ్య టీ అంగళ్ళు నేటికీ కిటకిటలాడుతుంటాయి.

పుస్తకం సంగతికి వస్తే మనకు మరింత దగ్గరవుతుంది. టిబెట్ లిపి ఏడో శతాబ్దంలో భారతీయ లిపి నుంచి మలచుకున్నదే. పుస్తకం ఆకారం అంతకన్నా ముచ్చటైనది. పొడుగాటి సన్నని విడి ఆకులు, పైనా కిందా చెక్కలు, గుడ్డలో చుట్టిన కట్ట. అది మన తాళపత్ర గ్రంథం ఆకారం. తాటిచెట్టు అన్నదే లేని దేశంలో, కాగితాన్ని తాటాకు కొలతకు కోసుకుని వెయ్యేళ్ళకు పైగా రాశారు. ఆ కాగితాన్ని కొండల్లో పెరిగే ఒక విషపు మొక్క వేరు నారతో చేస్తారు. ఆ విషం వల్లనే పురుగు ముట్టదు.

సిచువాన్‌లోని దెర్గెలో 1729లో అక్కడి రాజు తెన్‌పా త్సెరింగ్ స్థాపించిన ముద్రణాలయం ఉంది. రెండు లక్షలకు మించిన చెక్కపలకలు, రెండు వైపులా అక్షరాలు తిరగేసి చెక్కినవి, అక్కడ అరల్లో పేర్చి ఉంటాయి. భూర్జ వృక్షపు కొయ్యను పొగబెట్టి, పేడలో నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి, చెక్కడం పూర్తయ్యాక వెన్నలో ఊరబెడతారు. ముద్రించేటప్పుడు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు సిరా పూసి కాగితం పరిస్తే రెండోవారు రూళ్ళకర్ర దొర్లిస్తారు. బుద్ధవచన సంపుటాలైన కాంగ్యుర్‌కు ఎర్ర సిరా. ఆ సంపుటాలు వందకు పైగా ఉంటాయి. చదవడం రాని రైతుకు కూడా వాటితో పని ఉంది. కోతలకు ముందు 'ఓంగ్‌కోర్' పండుగనాడు ఊరివారు ఆ బరువైన కట్టలను వీపున మోస్తూ పొలాల చుట్టూ తిరుగుతారు, వడగళ్ళు పడకుండా.

మన ప్రాంతంతో ముడిపడిన మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. లాసా పక్కన 1416లో వెలసిన పెద్ద మఠం పేరు డ్రెపుంగ్. ఆ మాటకు ధాన్యపు రాశి అని అర్థం. అది మన ధాన్యకటకం, అంటే అమరావతి, పేరుకు టిబెట్ అనువాదం. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటక స్తూపం దగ్గర ఉపదేశించాడని వారి సంప్రదాయం. చరిత్రకారులు ఆ గ్రంథాన్ని చాలా తరువాతి కాలానిదిగా లెక్కిస్తారు, అది వేరే చర్చ. కృష్ణ ఒడ్డున స్తూపం మట్టిలో కూరుకుపోయి మనమే మరచిన శతాబ్దాల్లో దాని పేరు లాసాలో రోజూ వేల నోళ్ళ మీద నలిగింది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర ఉత్సవం జరిపినప్పుడు వచ్చిన వేలాది టిబెట్ యాత్రికులకు అది కొత్త ఊరు కాదు.

ఆచారాల్లో రెండు మూడు మాత్రమే చెబుతాను. వారి సంవత్సరాది 'లోసర్'. దానికి ముందు, పన్నెండో నెల 29వ రాత్రి, 'గుతుక్' అనే తొమ్మిది దినుసుల జావ కాస్తారు. అందులో వేసే పెద్ద పిండి ఉండల్లో ఒక్కొక్క వస్తువు దాచిపెడతారు. మిరపకాయ వచ్చినవాడు వాగుడుకాయ, బొగ్గు వచ్చినవాడి మనసు నలుపు. ఇల్లంతా నవ్వులు. పాత ఏడు చెడుగు నంతా పిండిబొమ్మలోకి దించి, కాగడాతో ఊరి బయట పారేసి వస్తారు. పండుగనాడు పూజాపీఠం మీద మొలకెత్తిన బార్లీ పెడతారు, మన పెళ్ళిళ్ళలో పాలికల్లాగా. పెద్దలకు 'ఖతా' అనే తెల్లని పలచటి కండువా సమర్పిస్తారు. పాతకాలం వారు పెద్దల ఎదుట నాలుక కొస బయటపెట్టి వంగేవారు. తొమ్మిదో శతాబ్దంలో బౌద్ధులను హింసించిన లాంగ్‌దర్మ రాజుకు నల్లని నాలుక ఉండేదని, తాము అతని అవతారం కామని చూపడానికే అలా చేస్తారని జనం కథ.

శవాన్ని గద్దలకు సమర్పించే పద్ధతి గురించి పత్రికల్లో వచ్చే వింత కథనాలు నాకు నచ్చవు. గడ్డకట్టిన నేల తవ్వలేరు, కాల్చడానికి కట్టెలు లేవు, పోయిన దేహం ఇంకొక ప్రాణికి ఆహారమైతే అదీ దానమే. సికింద్రాబాదులో పార్సీగుట్టకు ఆ పేరెలా వచ్చిందో తెలిసినవారు ఇందులో వింత చూడరు.

ఇప్పుడు ఆ దారుల సంగతి. 1950 అక్టోబరులో చైనా సైన్యం తూర్పు టిబెట్‌లో ప్రవేశించింది. 1954 చివరికి సిచువాన్ నుంచి, చింఘాయి నుంచి లాసాకు మోటారు రోడ్లు పడ్డాయి. శతాబ్దాలుగా టీ మోసిన వీపులకు ఆ పని తప్పింది. అది పోయినందుకు విచారించవలసిన పని కాదు. 1959 మార్చిలో లాసాలో తిరుగుబాటు, దలైలామా మన దేశానికి రావడం, ఆయన వెనుక సుమారు 80 వేల మంది తరలిరావడం మనకు తెలిసినవే. 1962 యుద్ధంతో జెలెప్ లా, నాథూ లా రెండూ మూతపడ్డాయి. కాలింపోంగ్ ఉన్ని గిడ్డంగులు ఖాళీ అయ్యాయి. నాథూ లా 2006 జూలైలో తెరిచారు గాని పాత ఉన్ని వ్యాపారం తిరిగి రాలేదు. 1966 నుంచి 1976 దాకా సాంస్కృతిక విప్లవంలో టిబెట్‌లోని మఠాలు, గ్రంథాలు, విగ్రహాలు లెక్కలేనన్ని నాశనమయ్యాయి. దెర్గె పలకలు ఆ గండం గడిచి బయటపడ్డాయి. అక్కడ ఇద్దరిద్దరు కూర్చుని చేత్తో అచ్చువేయడం ఇప్పటికీ సాగుతోంది.

ఇవతలికి వచ్చినవారు చేతుల్లో తెచ్చుకున్నది నేతపని. 1959 అక్టోబరు 2న డార్జిలింగ్‌లో శరణార్థుల స్వయంసహాయ కేంద్రం మొదలైంది. నేపాల్‌లో స్విట్జర్లాండ్ వారి సాయంతో 1960 ప్రాంతంలో జవలఖేల్‌లో తివాచీల కేంద్రం వెలసింది. బతుకుతెరువు కోసం మొదలైన పని పెద్ద పరిశ్రమ అయింది. 1990ల మొదట్లో నేపాల్‌కు విదేశీ డబ్బు తెచ్చిపెట్టిన సరుకుల్లో తివాచీయే ముందుండేది. 1993-94లో ఎగుమతి 30 లక్షల చదరపు మీటర్లు దాటింది. కాని ఆ తివాచీ పాత ఖాదెన్ కాదు. కొలత జర్మనీ గదిది, రంగులు జర్మనీ కొనుగోలుదారుకు నచ్చే లేతరంగులు, ఉన్నిలో సగం న్యూజిలాండ్ నుంచి వచ్చింది, నేసే చేతులు చాలావరకు తామాంగ్ వంటి నేపాలీ పేదలవి, వారిలో పసిపిల్లలూ ఉన్నారు. 1994లో జర్మన్ టెలివిజన్ ఆ పిల్లలను చూపించడంతో గిరాకీ పడిపోయింది, తరువాత కోలుకోలేదు. కడ్డీ మీద ఉచ్చు తిప్పే ఆ టెక్నిక్ మాత్రం మారలేదు. పని బతికిందనాలా, పోయిందనాలా? చాలాకాలం ఆలోచించాను. ఇల్లు లేకుండా బతికిందని మాత్రం అనగలను.

కర్ణాటకలోని బైలకుప్పెలో 1960 నుంచి, ముండ్‌గోడ్‌లో 1966 నుంచి శరణార్థులు అడవి కొట్టి మొక్కజొన్న వేశారు. ఆ ఎండలో ఉన్ని చుబా ఎవరు కడతారు? పలచటి బట్టతో కుట్టించుకున్నారు. దోంగ్మో స్థానంలో మిక్సీ వచ్చింది. నిజానికి లాసాలో కూడా అంతే. నవంబరు రాగానే మన పట్టణాల్లో పేవ్‌మెంట్ల మీద స్వెట్టర్ల దుకాణాలు పెట్టే టిబెట్ స్త్రీలలో ఈ కాలనీల నుంచి వచ్చేవారు చాలామంది. ఆ స్వెట్టర్లు టిబెట్ ఉన్నివని మనలో చాలామంది నమ్మి కొన్నాం. ఎక్కువభాగం లుధియానా మిల్లుల సరుకు, తరచు అరువు మీద తెచ్చినది. పండుగ రోజుల్లో కొందరి నడుముకు పాంగ్‌దెన్ కనిపిస్తుంది, దాని చారలు నేటికీ ఒకదానితో ఒకటి కలవవు.

అక్కడ టిబెట్‌లో 2000 తరువాత సంచారులను పెద్ద ఎత్తున పక్కా ఇళ్ళకు తరలించారు. నల్లగుడారాలు ఏటికేడు తగ్గాయి. 2006లో పాంగ్‌దెన్, ఖాదెన్ నేతను చైనా తన జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది, 2009లో ల్హామో నాటకం యునెస్కో జాబితాకెక్కింది. ఇటు తవాంగ్‌లో మోన్పాల చేతికాగితం పని దాదాపు కనుమరుగైతే, 2020 డిసెంబరులో మన ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారు అక్కడ కేంద్రం పెట్టి మళ్ళీ మొదలుపెట్టించారు.

అన్నిటిలోకి ఎక్కువ ఆశ్చర్యం కలిగించినది కాశీ సంగతి. టిబెట్ మఠాల్లో దేవతాచిత్రాల అంచులకు, లామాల దుస్తులకు, పీఠాల కప్పులకు వాడే 'గ్యాసర్' అనే బరువైన జరీపట్టు మన వారణాసిలో తరతరాలుగా నేస్తున్నారు. నేసేవారు ముస్లిం కుటుంబాలవారు. పద్మాలు, డ్రాగన్లు, మేఘాలు వారి మగ్గాల మీద కంఠతా వచ్చిన నమూనాలు. కనుమలు మూసినా ఆ నేత ఆగలేదు. లాసా, షిగాత్సెలకు పోవలసిన తానులు ఇప్పుడు ధర్మశాల, బైలకుప్పె, ముండ్‌గోడ్ చిరునామాలకు పోతున్నాయి. ముండ్‌గోడ్‌లో ఆ తానులు విప్పేచోట్లలో ఒకటి, ప్రవాసంలో తిరిగి కట్టుకున్న డ్రెపుంగ్ మఠం.